చలువ బస్సు

ఆ రోజు ఉదయం ఆకాశం బూడిద పూసుకున్నట్టుంది. ఆషాఢం గాలికి మబ్బులు పడమటి నుంచి తూర్పుకు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయే గానీ ఒక్క చుక్క రాల్చడం లేదు. బందారుకుంట స్టాపులో నిలబడిన రైతులందరూ తలలెత్తి చూస్తున్నారు. శనక్కాయ విత్తనం ఇళ్లలో సిద్ధంగా ఉంది. నేలలో తడి లేదు.

రాత్రి బడి దగ్గర నిలిపిన బస్సును డ్రైవరు దస్తగిరి స్టాపుకు తెచ్చాడు. మోత లేదు, పొగ లేదు. చక్రాల కింద కంకర చిట్లితేనే బస్సు వచ్చిందని తెలుస్తుంది. మాఘమాసంలో పట్నం నుంచి ఇంజనీరు నీరజాక్షి మేడం వచ్చి ఈ సర్వీసును ఎంచుకుంది. డీజిలు ఇంజను దింపించింది. సీట్ల మీది రెక్సిను పీకించి నల్లటి మందపు గుడ్డ వేయించింది. కూర్చున్న మనిషి ఒంటి వేడిని ఆ గుడ్డ తాగుతుంది. తాగినదాన్ని కరెంటు చేసి బస్సు అడుగున ఉన్న బ్యాటరీలోకి పంపుతుంది. అరవై మంది కూర్చుంటే బస్సు చిన్నంపేట దాకా పోతుంది, మళ్లీ అరవై మంది కూర్చుంటే తిరిగి వస్తుంది. డ్రైవరుకు కునుకు పట్టకూడదని అతని సీటుకు మాత్రం పాత రెక్సినే ఉంచారు. కండక్టరు ఓబులేసు ఎటూ నిలబడేవాడే. బస్సును నడిపే ఇద్దరికీ ఆ గుడ్డ సంగతి ఒకరు చెప్తే వినడమే.

ఎండాకాలంలో జనం ఆ బస్సు కోసం పడి చచ్చారు. బయట రాళ్లు పగిలే ఎండ. లోపల కూర్చుంటే నడుము కింద కొత్త కుండ పెట్టినట్టు చల్లగా ఉండేది. పని లేనివాళ్లు కూడా చిన్నంపేట దాకా పోయి వచ్చేవాళ్లు. చలువ బస్సు అని పేరు పెట్టారు.

బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు లోపలికి ఎగిరాయి. ఈ దారిలో అది ఎప్పటి నుంచో ఉన్న చట్టం. తువ్వాలు ఎవరిదైతే సీటు వాళ్లది. దాన్ని తీసి కూర్చున్నవాడు బస్సులో ఉండడు.

"ఒరే గంగప్పా, నీ తువ్వాలు నా తువ్వాలు మీద పడింది రా!"

"అయితే నా ఒళ్లో కూచో మామా. నువ్వేం బరువుంటావు, మీసాలే గదా!"

వెనక వరుసలన్నీ నవ్వులు. మగవాళ్లు పరిచిన తువ్వాళ్ల మీదే కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ముందు ఆరు వరుసలు ఆడవాళ్లవి. ఆ సీట్ల జోలికి ఎవరూ రారు కాబట్టి వాళ్లకు తువ్వాళ్లు వేసే పని లేదు. పాలకేంద్రానికి పోయేవాళ్లు, కుట్టుపనికి పోయే ఆడపిల్లలు, కూరగాయల గంపలవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఒకప్పుడు ఆ ఆరు వరుసల నోటి ముందు బస్సు హారను చాలేది కాదు. ఈ మధ్య అక్కడ మాట తగ్గింది. పొద్దున్నే లేచి వస్తారు, కునికిపాట్లు పడుతున్నారని ఓబులేసు అనుకున్నాడు.

డ్రైవరు వెనకే కిటికీ పక్క సీటు మూడో నంబరు. ఓబులేసు రోజూ తన టికెట్ల సంచీ దాని మీద పెట్టి కూతురు ఈశ్వరికి ఆపి ఉంచుతాడు. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న పిల్ల. గాలి, వెలుతురు ఉన్న సీటు. పక్క సీటు రామక్కది. డెబ్బై ఏళ్లు దాటినా చిన్నంపేటకు పోయి కరివేపాకు అమ్ముకొస్తుంది.

"ఓబులేసా, నీ బస్సు బాగుండాల నాయనా. కూచుంటే మోకాళ్ల నొప్పి ఉండాదో లేదో తెలీదు. దిగబుద్ధి కాదంటే నమ్ము" అంది రామక్క.

"దిగకపోతే తిరుగు టికెట్టు కొడతా అవ్వా."

"కొట్టు, కొట్టు. నీ సొమ్మేం పోయింది!"

చిన్నంపేటలో అందరూ దిగారు. ఈశ్వరి కూడా కిటికీ రాడ్డు పట్టుకుని మెల్లగా లేచింది. రామక్క లేవలేదు. గంప ఒళ్లో పెట్టుకుని ముందుకు చూస్తోంది.

"అవ్వా, వచ్చేసినాం."

రామక్క అతని వైపు తిరిగి నవ్వింది. లేచి నిలబడింది. ఒక అడుగు వేసింది. దండెం మీది చీర జారినట్టు చప్పుడు లేకుండా కింద పడింది. కరివేపాకు రెబ్బలు ఓబులేసు బూట్ల మీద చెల్లాచెదురయ్యాయి.

ఓబులేసు మోకాళ్ల మీద కూలబడి ముసలామె మెడ కింద చెయ్యి పెట్టాడు. పెట్టినవాడు టక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

తన తండ్రి పోయినప్పుడు అతనే స్నానం చేయించాడు. పోయి రెండు గంటలైనా తండ్రి చంకల్లో వెచ్చదనం ఉంది. ఆ వెచ్చదనమే ఆ రోజు అతన్ని ఏడిపించింది. రామక్క ఇప్పుడే, అతని కళ్లముందే పోయింది. ఒళ్లు మాత్రం బావి అడుగు నుంచి తీసిన రాయిలా ఉంది. పోయాక చల్లబడిన ఒళ్లు కాదది. చల్లబడ్డాకే పోయింది.

తలెత్తి కూతురి వైపు చూశాడు. ఈశ్వరి మెట్టు మీద నిలబడి ఉంది. చిన్నప్పటి నుంచి తనను ఎత్తుకున్న అవ్వ కాళ్ల దగ్గర పడి ఉంటే ఆ పిల్ల కళ్లలో తడి లేదు.

"నాయనా, నిద్రొస్తాంది" అంది.

డాక్టరు వచ్చి చూసి, ముసలితనం, గుండె ఆగిందన్నాడు. కాగితం మీద అదే రాశాడు.

ఆ సాయంత్రం ఓబులేసు ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. పశువుల కొట్టం దగ్గర దోమలు గుంపులు కట్టి ముసురుతున్నాయి. భార్య కుళ్లాయమ్మ పొగ వేసి, కాళ్ల మీది దోమల్ని చీర కొంగుతో తోలుకుంటూ చాటలో రాగులు చెరుగుతోంది. పక్కనే నులకమంచం మీద ఈశ్వరి పుస్తకం పెట్టుకుని కూర్చుంది. చేతులు కదలడం లేదు, కాళ్లు కదలడం లేదు.

"చూసినావా నీ కూతుర్ని!" అంది కుళ్లాయమ్మ నవ్వుతూ. "మనల్ని పీక్కు తింటాంటే దాని మీద ఒక్క దోమ వాలదు. నెలయింది. ఏం రక్తమో ఏమో!"

ఓబులేసు నవ్వలేదు.

"నవ్వుతా అనేసినా గానీ నాకూ ఏందోగా ఉండాది" అంది కుళ్లాయమ్మ గొంతు తగ్గించి. "పిల్లి దాని ఒళ్లోనే గదా పండుకునేది. ఇప్పుడు పిలిచినా పోదు. మూతి ముడుచుకుని అవతలికి పోతాది. మొన్న మధ్యాన్నం పొయ్యి పక్కన కూచోనుంటే, ఏం పాపా అంటే చలి అనింది. ఈ ఉక్కలో చలేంది?"

ఓబులేసు పోయి కూతురి నుదుటి మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. మంచం వెనక్కి పోయి వీపు మీద చెయ్యి వేశాడు. జ్వరం వచ్చినట్టు కాలుతోంది. ముందు చలి, వెనక మంట. ఇల్లు తగలబడుతుంటే మనుషులంతా ఒక్క తలుపు దగ్గరికే పరిగెత్తినట్టు, ఒంట్లో ఉన్న వేడంతా వీపుకే పరిగెత్తుతోంది.

"రేపు కాలేజీ వద్దు పాపా."

"రేపు పరీక్ష నాయనా. రాయకపోతే మార్కులు పోతాయి."

"అయితే బస్సులో నా పక్కన నిలబడు. కూచోవద్దు. ఎవరు చెప్పినా కూచోవద్దు."

ఈశ్వరి చాలాసేపటికి సరేనంది. ఆ మాట ఎక్కడో దూరంగా ఉండి అన్నట్టుంది.

మర్నాడు పొద్దున చెప్పినట్టే నిలబడి వచ్చింది. మధ్యాహ్నం ఓబులేసు చిన్నంపేట డిపోలో సెలవు అడిగి, నాలుగు గంటల ట్రిప్పుకు టికెట్లు దస్తగిరినే కొట్టమని చెప్పి, షెడ్డు వెనక నీరజాక్షి మేడం గదికి పోయాడు.

గదిలో బస్సు సీట్లలాంటివే రెండు వరుసలు ఉన్నాయి. గోడ మీద పెద్ద తెర. దాని మీద అరవై గళ్లు, ఒక్కో గడి ఒక్కో సీటు. నీరజాక్షికి నలభై లోపు ఉంటుంది. భోజనం డబ్బా తెరిచి పక్కన పెట్టి మరిచిపోయినట్టుంది, అన్నం మీద ఈగ తిరుగుతోంది.

"రండి ఓబులేసు గారూ, మీరే రావాలనుకుంటున్నాను. సోమవారం ఇంకో నలభై బస్సులు ఇలాగే మొదలవుతున్నాయి. పల్లె బస్సుల్లో ఇక పొగ అనేది ఉండదు." ఆమె ముఖం వెలిగిపోతోంది. "మా ఇల్లు బస్టాండు గోడ పక్కనే ఉండేది. మా తమ్ముడు ఆయాసంతో ఆ పొగలోనే పోయాడు. పదకొండేళ్లు వాడికి."

ఓబులేసు టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"మేడం, నిన్న రామక్క పోయింది."

"విన్నాను. వయసు మీద పడ్డ మనిషి కదా." ఆమె తెర వైపు తిరిగింది. "ఒక్కటే నాకు అర్థం కావడం లేదు. మొదటి వారం అన్ని సీట్లూ సమానంగా ఇచ్చాయి. రెండో వారం నుంచి వెనక సీట్లు చూడండి, తెల్లగా పాలిపోయాయి. గుడ్డ చెడిందేమోనని రెండుసార్లు మార్చాను. ల్యాబులో అదే గుడ్డ బాగానే పనిచేస్తోంది. బస్సులో మాత్రం వెనకవాళ్లు ఇవ్వడం లేదు. ఎందుకంటారు?"

ఓబులేసు తెర వైపు చూశాడు. వెనక గళ్లు తెల్లగా ఉన్నాయి. ముందు ఆరు వరుసలు మంట పెట్టినట్టు ఎర్రగా ఉన్నాయి. 

"తువ్వాళ్లు మేడం."

"ఏమిటి?"

"మగోళ్లు తువ్వాళ్ల మీద కూచుంటాండారు."

ఆమెకు అర్థం కాలేదు. ఆమె ల్యాబులో సీటు కోసం ఎవరూ కిటికీలోంచి తువ్వాలు వేయలేదు. ఓబులేసు చెప్పాడు. ఇదివరకు తువ్వాలు వేసి సీటు దొరికాక తీసి భుజాన వేసుకునేవాళ్లు. గుడ్డ వేసిన కొత్తల్లో ముసలి రైతులు నడుము పట్టేస్తోందన్నారు, కంప్లయింటు పుస్తకం అడిగారు. నాలుగు ఫిర్యాదులు పడితే ఈ బస్సు ఎత్తేసి, రోజుకొక్కసారి వచ్చే పాత డొక్కు బస్సు మళ్లీ వేస్తారని ఓబులేసుకు భయం. ఊరికి మూడు ట్రిప్పులు రావడం ఇదే మొదలు.

"నేనే చెప్పినా మేడం. చలైతే తువ్వాలు కింద వేసుకుని కూచోండప్పా, రాతకోతలు ఎందుకు అని. ఆ ఉపాయం అందరికీ నచ్చింది."

నీరజాక్షి లేచి తెర మీది వెనక గళ్లను ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టింది. 

"సీట్లన్నీ ఒకే గొలుసు. జ్వరం ఉన్నవాళ్లు, పసిపిల్లలు కూర్చుంటే వాళ్ల దగ్గర తీసుకోకూడదని పెట్టాను. వాళ్లు ఇవ్వలేనిది పక్కవాళ్ల దగ్గర కొంచెం కొంచెం తీసుకోమన్నాను. దయగా ఉండాలని పెట్టాను." ఆమె చేత్తో నోరు తుడుచుకుంది. "తువ్వాళ్ల మీద కూర్చున్న ముప్ఫై మందినీ అది జబ్బు మనుషులనుకుంది. వాళ్ల వంతు కూడా ముందువాళ్ల దగ్గరే లాగుతోంది. ఐదు నెలలుగా."

కిటికీ బయట షెడ్డులో ఎవరో టైరు దొర్లించుకుపోతున్నారు.

"మూడో నంబరు సీట్లో రోజూ ఎవరు కూర్చుంటారు? ఒకే మనిషి. అడిగినకొద్దీ ఇస్తూనే ఉంది. నేను ఇంతగా ఇచ్చేవాళ్లను చూడలేదు."

"మా పాప మేడం."

ఇద్దరూ ఒకేసారి గోడ గడియారం చూశారు. నాలుగుంబావు.

ఆమె తెర మీదికి ఆ ట్రిప్పు లెక్క తెచ్చింది. అంతవరకు తెల్లగా ఉన్న మూడో గడి మెల్లగా ఎర్రబడింది. పరీక్ష రాసి అలసిపోయిన పిల్ల కూర్చుంది.

దస్తగిరి బండి నడుపుతూ ఫోను ఎత్తడు. ఐదోసారికి ఎత్తాడు.

"ఏందన్నా, కొంపలంటుకున్నాయా?"

"బస్సు ఆపు రా!"

"ఇప్పుడే కొండవంక కల్వర్టు ఎక్కినా. దాటి ఆపుతా..."

"ఆడనే ఆపు. ఎవర్నీ లేవనీయొద్దు. పాపను లేవనీయొద్దు. లేస్తే పోతారు. రామక్క లేచే పోయింది!"

మేడం జీపులో పోతున్నంతసేపూ ఓబులేసు దారే చూస్తున్నాడు. దారి పక్కన దున్నిన చేలు ఎర్రగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. 

కల్వర్టు మీద బస్సు నిలబడి ఉంది. దూరం నుంచి చూస్తే ఏమీ కానట్టే ఉంది. దస్తగిరి మెట్టు దగ్గర నిలబడి చెమటలు కక్కుతున్నాడు.

"నిద్రపోతాండారనుకుంటి అన్నా. అల్లా తోడు. రోజూ ఇట్లనే నిద్రపోతారు గదా అనుకుంటి."

లోపల వెనక వరుసల్లో అరుపులు. ఎందుకు ఆపారు, ఎంతసేపు, ఎవడబ్బ సొమ్ము. ముందు ఆరు వరుసల్లో చీమ చిటుక్కుమన్నా వినబడేట్టుంది. ఆడపిల్లలు ఒకరి భుజాల మీద ఒకరు తలలు వాల్చారు. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. ముఖాల్లో బాధ లేదు. అందరి పెదాల మీదా ఒకే రకం చిరునవ్వు. ఓబులేసు తన జన్మలో అంత భయంకరమైనది చూడలేదు.

నీరజాక్షి ఈశ్వరి చెవిలో చిన్న మీటరు పెట్టి చూసింది.

"తొంభై రెండు."

"ఎంతుండాల మేడం?"

"తొంభై ఎనిమిది. ఇంకో రెండు తగ్గితే గుండె దారి తప్పుతుంది."

"గుడ్డ ఆపేయండి! దుప్పట్లు కప్పుదాం, మంట వేద్దాం!"

"ఆపేశాను. ఒళ్లు ఆగడం లేదు." ఆమె ఈశ్వరి వీపు వెనక అతని చెయ్యి పట్టి ఆనించింది. ఆ వేడి ఆగకుండా బయటికి వస్తూనే ఉంది. "ఇవ్వడానికి అలవాటు పడింది. ఎంత దుప్పటి కప్పినా, ఎంత మంట వేసినా అంతా బయటికే పోస్తుంది. గుడ్డ నేర్పిన అలవాటు గుడ్డే మానిపించాలి. వెనక్కి తిప్పి, పుచ్చుకోవడం నేర్పాలి."

"అయితే తిప్పండి. బ్యాటరీలో ఉండాదిగా!"

"బ్యాటరీలోది ఒక్కసారిగా వస్తుంది. ల్యాబులో ఒక కుందేలు మీద చూశాను." ఆమె ఆ మాట అక్కడే వదిలేసింది. "మనిషి ఊపిరి లెక్కన మెల్లగా రావాలి. తీసుకున్నది మనుషుల దగ్గర. ఇవ్వాల్సింది కూడా మనుషులే."

ఓబులేసు వెనక వరుసల వైపు తిరిగాడు. పాతికేళ్లుగా ఈ జనం మధ్య నిలబడి టికెట్లు కొట్టాడు. ఎన్నడూ గొంతు తడబడలేదు. ఈ రోజు రెండుసార్లు దగ్గి మొదలుపెట్టాడు. అంతా చెప్పాడు. తువ్వాలు కింద వేసుకోమన్నది తానేనని చెప్పాడు. రామక్క ఎట్లా పోయిందో చెప్పాడు.

 వెనక నుంచి ఒకడు గొణిగాడు.

"మాకేం తెలుసప్పా. నువ్వు చెప్పినావు, మేం వేసుకున్నాం."

"అవును, నేనే చెప్పినా. చెప్పుతో కొట్టండి, పడతా. ముందు కూచోండి. కింద ఏమీ వేసుకోకుండా కూచోండి."

"మాకేమన్నా అయితే?"

ఓబులేసు నీరజాక్షి వైపు చూశాడు.

"కాదని చెప్పలేను" అంది ఆమె. "ఇంతవరకు ఎవరూ ఇలా చేయలేదు."

ఇద్దరు లేచి దిగిపోయారు. మూడోవాడు వాళ్ల వెనకే నడిచి, మెట్టు మీద ఆగి, కిందికీ లోపలికీ చూసి, చివరికి వాడూ దిగాడు. అప్పుడు గంగప్ప లేచాడు. దిగుతాడనుకున్నారు. వాడు ముందు వరుసల దాకా పోయి, నాలుగో సీట్లో తల వాల్చిన ముసలామె ముందు నిలబడ్డాడు. రామక్క సీటది. ఈ రోజు ఖాళీగా ఉందని గంగప్ప తల్లి గంగులమ్మ కూర్చుంది.

"అమ్మా" అన్నాడు. ఆమె చిరునవ్వు నవ్వుతూనే ఉంది. గుర్తుపట్టలేదు.

గంగప్ప వెనక్కి వచ్చి తన తువ్వాలు లాగి కిటికీలోంచి కల్వర్టు కింది వంకలోకి విసిరేశాడు.

"కూచోండి రా!" అని అరిచాడు. "ఐదు నెల్లు ఆడోళ్లను తొక్కి కూచున్నాం. ఇప్పుడన్నా సరిగ్గా కూచోండి. దిగేవాడెవడైనా ఉంటే నా మొహం చూసి దిగండి!"

ఎవరూ దిగలేదు. తువ్వాళ్లు ఒక్కొక్కటే కిందికి జారాయి. దస్తగిరి వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. ఓబులేసు అతని పక్కన కూర్చున్నాడు. నీరజాక్షి డ్రైవరు దగ్గరి మీటలు వెనక్కి తిప్పి, వచ్చి మధ్య వరుసలో బోసి గుడ్డ మీద కూర్చుంది.

మొదట ఓబులేసుకు ఏమీ తెలియలేదు. తరువాత నడుము దగ్గర ఎవరో మెల్లగా చెయ్యి పెట్టినట్టయింది. నొప్పి లేదు. ఆ చెయ్యి ఒంట్లోకి దిగి, కడుపులో, ఛాతీలో, ఎక్కడెక్కడ వెచ్చగా ఉందో వెతుక్కుని అక్కడి నుంచి తీసుకుంటోంది. ముందు వేళ్లు మొద్దుబారాయి. తరువాత కాళ్లు లేనట్టయ్యాయి. ఆ తరువాత అతను అనుకోనిది జరిగింది. హాయిగా అనిపించింది. కూతురి మీది భయం, రామక్క కళ్లు, తన తప్పు, అన్నీ ఎక్కడికో దూరంగా జరిగిపోతున్నాయి. దిగబుద్ధి కాదంటే నమ్ము అన్న రామక్క గొంతు చెవిలో వినిపించింది. అప్పుడు ఓబులేసు నిజంగా భయపడ్డాడు. ఈ హాయికి తన పిల్ల ఐదు నెలలు రోజూ లొంగింది. సంచీ పెట్టి ఆ సీటు ఆపి ఉంచింది తనే.

నిద్ర పోకుండా పెదవి కొరుక్కున్నాడు. పక్కన దస్తగిరి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. నోట్లో నోట్లో ప్రార్థన చేసుకుంటున్నాడు. వెనకెవరో చిన్నపిల్లవాడిలా ఏడుస్తున్నారు. ఎవరూ తిరిగి చూడలేదు.

నీరజాక్షి పది నిమిషాలకోసారి సీటు పట్టుకుని లేచి, ముందుకు పోయి మీటరు చూసి వస్తోంది. "తొంభై రెండున్నర" అంది. తరువాత "మూడు" అంది. ఒకసారి ఏమీ అనలేదు. ఆ పది నిమిషాలు ఓబులేసుకు ఎన్నేళ్లో లెక్క తెలియలేదు. తరువాత "నాలుగున్నర" అంది. ఆ మాట అంటూ సీటు మీద కూలబడి ఫోను తీసింది. వేళ్లు వంగక మూడుసార్లు తప్పు నొక్కింది.

"సోమవారం లేదు" అంది అవతలివాళ్లతో. "ఒక్క బస్సు కూడా కదలకూడదు. కారణం నేనే. వచ్చి చెప్తాను."

ముందు వరుసలో ఎవరో దగ్గారు. ఒక ఆడపిల్ల కళ్లు నులుముకుని, "ఇంకా ఊరు రాలేదా?" అంది.

పొద్దు గుంకే వేళకు బస్సు బందారుకుంట చేరింది. దస్తగిరి చేతులు వంగక స్టీరింగు మీద మణికట్లు ఆనించి నడిపాడు. కబురు ముందే అందింది. బడి వసారాలో కుళ్లాయమ్మ, ఇంకా పదిమంది ఆడవాళ్లు మధ్యాహ్న భోజనం గుండిగలు పొయ్యిల మీద పెట్టి సంగటి కెలుకుతున్నారు. బస్సులోంచి ఒక్కొక్కరినీ పట్టుకుని దించారు. ఇచ్చినవాళ్లకూ, పుచ్చుకున్నవాళ్లకూ కాళ్లు నిలవడం లేదు. ఎవరు ఎవరిని పట్టుకున్నారో తెలియకుండా అందరూ పొయ్యిల చుట్టూ చేరారు.

కుళ్లాయమ్మ కూతుర్ని కౌగిలించుకుని, భర్త ముఖం చూసింది.  నీరజాక్షి వైపు తిరిగింది.

"ఇప్పుడేం చేయాల మేడం?" అంది.

"తినాలి" అంది నీరజాక్షి. ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి. "తిన్నదాన్ని ఒళ్లు లోపలే మండించుకోవాలి. మళ్లీ కావాలని అడగాలి. అడిగినవాళ్లకు భయం లేదు."

"అడగనోళ్లకు?"

నీరజాక్షి పొయ్యి వైపు చూసింది.

వసారా పొడుగునా కూర్చున్నారు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు అని ఎవరూ చూడలేదు. పళ్లాల్లో ఆవిర్లు కక్కే ముద్దలు పడ్డాయి, వాటి మీద శనక్కాయల పొడి, నెయ్యి. కల్వర్టు దగ్గర దిగిపోయిన ముగ్గురూ నడిచి వచ్చి గోడ అవతల నిలబడ్డారు. కుళ్లాయమ్మ వాళ్లకూ పళ్లాలు పెట్టింది. తలలు దించుకుని వచ్చి కూర్చున్నారు. నీరజాక్షి మెట్టు మీద విడిగా కూర్చుంటే ఒక ముసలాయన జరిగి, పక్కన చోటు చూపించాడు.

ముద్దలు తుంచే చప్పుడు, మింగే చప్పుడు, పొయ్యిలో కట్టె పగిలే చప్పుడు. ఓబులేసు తన ముద్దలో వేళ్లు పెట్టి కూర్చున్నాడు. అతను కూతురి పళ్లెమే చూస్తున్నాడు. ఈశ్వరి చిన్నచిన్నగా తుంచి, నెమ్మదిగా మింగుతోంది. ముద్ద అయిపోయింది. ఖాళీ పళ్లెంలోకి చూస్తూ కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. తరువాత తలెత్తకుండానే పళ్లెం తల్లి వైపు జరిపింది.

కుళ్లాయమ్మ ఇంకో ముద్ద పెట్టింది. పెడుతుంటే గరిటె గుండిగకు తగిలి గణగణమంది.

ఆ పక్కన గంగులమ్మ పళ్లెంలో ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆవిరి పోయి పైన పొర కట్టింది. గంగప్ప ఆ పళ్లెం వైపు చూడలేదు. ఎవరూ చూడలేదు. అందరూ తలలు వంచుకుని తింటున్నారు.